ఎవరి నొప్పి మీకు పట్టింది?

హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాకా సాగే వాదన ఒకటుంది. దేవుడున్నాడా, లేడా? మతం లేకపోతే మనిషి కట్టు తప్పుతాడని ఒకడంటాడు. సైన్సు ఇంత వచ్చాక ఇంకా మతంతో పనేమిటని ఇంకొకడు లేస్తాడు. తెల్లారేసరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోతాయి, ఎవరి మాట మీద వాళ్ళే ఉంటారు, మొహం కడుక్కుని క్లాసుకి పోతారు. వాదించుకోండి, వద్దనను. ఈ వయసులో వాదించనివాడు ఇంకెప్పుడూ వాదించడు. కానీ ఆ వాదనలో నెగ్గినంత మాత్రాన బతుక్కి అర్థం దానంతటదే దొరికిపోతుందంటే మాత్రం ఒప్పుకోను. నెగ్గాక ఏం చేశావన్నదే నేను అడిగేది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరు పాఠంలో చదివే ఉంటారు, పరీక్ష కాగానే మరిచిపోయి కూడా ఉంటారు. ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే ఈ కాలంలో ఆయన ఫొటో ఏ కాలేజీ గోడ ఎక్కేది కాదు. ఆయన మొదట కోరుకున్నది డాక్టరీ కాదు, సన్యాసం. రామకృష్ణ మిషన్‌లో చేరిపోతానన్నాడు. తల్లి ససేమిరా అంది. తల్లి అనుమతి లేనిదే కుదరదన్నారు మిషన్ వాళ్ళు కూడా. వైద్యం చదువుకో, జనానికి పనికొస్తావని సలహా ఇచ్చి పంపారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీ మెట్లెక్కాడు. గాంధీ పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదిలోకి వెళితే తెల్ల ప్రొఫెసరుకి ఒళ్ళు మండింది. ఎంబీబీఎస్ రావాల్సినవాడి చేతిలో దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పెట్టారు.

ఆ రోజుల్లోనే ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు కట్టవు, నెత్తురు తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అదే జబ్బు తర్వాత ఆయన్నీ పట్టుకుంటే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చేతి చలవతో బతికి బయటపడ్డాడు. ఇంతటి దెబ్బ తగిలినవాడు తలరాత అనుకుని ఊరుకోవచ్చు. లోకంలో దేనికీ అర్థం లేదని మంచానికి అడ్డం పడనూ వచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఈయన అమెరికా ఓడ ఎక్కాడు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చులకి చాలక, రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. నెత్తురులో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రకటించాడు. ఆ తర్వాత లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ని తయారుచేసింది. అది స్ప్రూ రోగులకి పనిచేస్తుందని 1940లలో తేలింది. అప్పటికి ఆ సోదరులు పోయి పాతికేళ్ళు దాటింది.

ఆ ఫోలిక్ ఆసిడ్ కథ అక్కడితో అయిపోలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, దానికి దగ్గరి రసాయనాలని బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి చూశాడు. మేలు జరగలేదు సరికదా, జబ్బు ఇంకా జోరందుకుంది. మీరైతే ఏం చేసేవారు? ఫైలు మూసేసి, ఎవరికీ చెప్పకుండా వేరే పనిలో పడేవారా? ఫార్బర్ ఆ ఎదురుతిరిగిన ఫలితాన్నే పట్టుకున్నాడు. ఫోలిక్ ఆసిడ్ జబ్బుని పెంచితే, దాని పనికి అడ్డుపడేది తగ్గించాలి కదా! సుబ్బారావు బృందం అలాంటి మందులు చేసిచ్చింది. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని 16 మంది పిల్లలకిస్తే 10 మందిలో మెరుగు కనిపించింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1948లో అచ్చయిన ఆ పత్రం శీర్షికలోనే, ఈ మెరుగుదల తాత్కాలికం అని ఒప్పుకున్నారు. పిల్లల రోగానికి మందు దొరికిందని టముకు వేసుకోగలిగిన సమయంలో! సైన్సులో నీతి ఉందా అని నన్నడిగితే నేను ఆ శీర్షిక చూపిస్తాను. ఆ దారిలోనే వచ్చిన మెథోట్రెక్సేట్‌ని నేటికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. సుబ్బారావు మళ్ళీ ఇండియా రాలేదు, 1948 ఆగస్టులో అక్కడే పోయాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది, ఓడ కదిలిన తర్వాత వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. గొప్ప ఆశయాలున్న కుర్రాళ్ళారా, మీ ఆశయం బరువు ఇంట్లో ఎవరి నెత్తిన పడుతోందో కూడా చూసుకోండి. వాళ్ళు అడక్కుండా మోస్తున్నారని దాన్ని త్యాగమని మీరే పేరు పెట్టేయకండి.

ఇక అటువైపు మనిషిని చూద్దాం. గోపరాజు రామచంద్రరావు, అందరికీ గోరా. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. దేవుడు లేడని బాహాటంగా అన్నందుకు కాకినాడలో ఉద్యోగం పోయింది, తర్వాత మచిలీపట్నంలోనూ పోయింది. గ్రహణం నాడు గర్భిణి గడప దాటకూడదన్న ఊళ్ళో ఆయన భార్య సరస్వతి కడుపుతో ఉండి ఆరుబయటికి వచ్చి నిలబడింది. సరే, ధైర్యమే. అయితే ఆయన్ని నేను తలుచుకునేది అందుకు కాదు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అంటరానివాళ్ళని ఊరు వెలివేసిన చోట వాళ్ళతో సహపంక్తి భోజనాలు చేయించాడు. దేవుణ్ణి తీసేసిన చోట మనిషిని కూర్చోబెట్టాడు. ఆయన పెద్దకూతురు మనోరమ దళిత యువకుణ్ణి పెళ్ళాడతానంటే, రోజూ రామనామం చేసే గాంధీ ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపించడానికి ఒప్పుకున్నాడు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికీ అభ్యంతరం చెప్పలేదు. పెళ్ళి నాటికి గాంధీ లేడు, హత్య జరిగిపోయింది. 1948 మార్చిలో ఆ ఆశ్రమంలోనే పెళ్ళి జరిగింది.

సన్యాసం కోరుకున్నవాడు ప్రయోగశాలలో తేలాడు. ప్రయోగశాల చదువు చదివినవాడు మాలపల్లెలో తేలాడు. వీళ్ళిద్దరినీ ఒకచోట కూర్చోబెడితే దేవుడి మీద ఎన్ని గంటలైనా పోట్లాడుకునేవారేమో గానీ, ఇద్దరికీ ఎదుటివాడి బాధ ముందు పట్టింది, సిద్ధాంతం తర్వాత. అన్నదమ్ముల చావు బాధించాలని ఏ పరీక్షనాళికా సుబ్బారావుకి చెప్పలేదు. అది ఇంటి నుంచీ, మిషన్ వాళ్ళ మాటల్లోంచీ వచ్చి ఉంటుంది. కానీ ఎంత దయ ఉన్నా దయ ఒక్కటే మాత్ర కాదు. దానికి ఏళ్ళ తరబడి కొలతలు కావాలి, తప్పని తేలినప్పుడు తలొంచడం కావాలి. గుళ్ళో పొర్లుదండాలు పెట్టి బయటికొచ్చి కులం అడిగేవాడూ, ల్యాబ్ కోటు వేసుకుని అంకెలు దిద్దేవాడూ నా లెక్కలో ఒక్కటే. మీరు ఏ పక్షమైనా ఎంచుకోండి, ఆ ఇద్దరిలో ఒకరు మాత్రం కాకండి.

రేపటి నుంచే మొదలుపెట్టగలిగిన పని ఒకటి చెబుతాను. బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్ర కూడా సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాలల్లోంచి వచ్చిందే. ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో ప్రభుత్వం దాన్ని ఇంటింటికీ పంచుతుంది. నెత్తురులో ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలున్నా కాలు వాయనివాళ్ళు చాలామంది ఉంటారు. దోమ వాళ్ళని కుట్టి పక్కింటివాణ్ణి కుడుతుంది. అందుకే కాలు బాగున్నవాడు కూడా మింగాలి, తన కోసమే కాదు, పక్కింటి పిల్ల కోసం. జనం వినరు. "అక్కడ పెట్టిపోమ్మా, తర్వాత వేసుకుంటాం" అంటారు, మాత్ర గూట్లో చేరుతుంది. ఈసారి ఆశా కార్యకర్త మీ వీధికి వచ్చినప్పుడు ఆమె వెంట నడవండి. అన్నం తిన్నారా అని అడగండి. రెండేళ్ళలోపు పిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బుపడ్డవాళ్ళకీ వద్దని గుర్తుచెయ్యండి. వేసుకున్నాక కొందరికి కాస్త జ్వరం, తల తిరగడం రావచ్చనీ, అది చాలావరకు పురుగు చావడం వల్లేననీ దాచకుండా చెప్పండి. దేవుడి పటానికి దణ్ణం పెట్టి మింగేవాళ్ళుంటారు, పెట్టుకోనివ్వండి. మీ కళ్ళముందు మింగేదాకా గడప దగ్గర్నుంచి కదలకండి. మింగాక తర్వాతి ఇంటికి పదండి.