కాఫీలోని చేదు: దోష మెవరిది?



కాఫీ చేదుగా నున్నదని త్రాగువాడు కాచినవారిని నిందించును. కాచినవా రంగడివానిని, అంగడివాడు గింజను నిందింతురు. తుదకు నింద గింజపై బడినపుడు తగ్గునది మన ధర. కావున ఈ చేదెచ్చటినుండి వచ్చుచున్నదో రైతు విచారింపక తప్పదు.

కొంత చేదు గింజకు సహజము. రొబస్టా గింజలో కెఫీను అరబికాలోకంటె రమారమి రెట్టింపు; దాని చేదును హెచ్చు. అరకు, పాడేరు ప్రాంతములలో నీడచెట్లక్రింద మనము పెంచునది ముఖ్యముగా అరబికా. అరకులోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపును లభించినది. అయితే కెఫీనువలని చేదు మొత్తములో కొద్దిపాలే. ఎక్కువ భాగము గింజను వేయించునపుడు పుట్టును. గింజ నల్లబడినకొలది చేదు ముదురును.

మఱి నల్లగా నేల వేయింతురు? కొందఱి యభిరుచి యొక కారణము. రెండవది మనకు సంబంధించినది. పచ్చికాయ, పండు, చెట్టుననే యెండిన కాయ కలసిన సరకు ఒకే తీరున వేగదు. పచ్చికాయలోని గింజ వేగినను పాలిపోయియే యుండి వగరు నిచ్చును. ఈ లోపములను కప్పుటకై మాడ వేయించి, చికోరీ కలిపి, చక్కెర పోయుదురు. కాఫీ చికోరీ మిశ్రమమున కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని నిబంధన. అనగా 49 పాళ్ల వఱకు చికోరీ వేరే యుండవచ్చును. మన గింజ రుచి చాలనిచోట ఆ వేరునకు చోటు దొరకును.

ఇంతమాత్రమున దోషము రైతుదే యనుట న్యాయము కాదు. కాయ లన్నియు నొకమాఱే పండవు. మూడు నాలుగు మాఱు లేరవలెను. ప్రతిమాఱును కూలి యిచ్చుకొనవలెను. సంతలో పచ్చిదానికిని పండినదానికిని ఒకే ధర. కొనువాడు ముందుగా అప్పిచ్చినవాడైనచో ఆ ధరయు నతడు చెప్పినదే. అట్టి రైతు కొమ్మ నొక్కమాఱే దూయుట సోమరితనమువలన గాదు. వానికి ఏరుమని యుపదేశించుట వట్టిమాట.

కావున సంఘము ఉపదేశము మాని తూనికయొద్ద న్యాయము చేయవలెనని నా యభిప్రాయము. ఎఱ్ఱపండునకు వేఱు ధర నిర్ణయించి, అందఱియెదుట ఆనాడే చెల్లింపవలెను. ఏరుడుకూలికై పంటకు ముందే చిన్న యప్పు లీయవలెను. తేలుకాయలను వేఱుపఱచు నీటితొట్టి, కోసిననాడే తొక్క తీయు యంత్రము, నేల తగులకుండ నెండబెట్టు బల్లలు ఉమ్మడిగా నుండవలెను. ఒక్కని శక్తికి మించిన దీ ఖర్చు. నూరుగురికి భారము కాదు.

మొదటి యేట సంఘమునకు నష్టము రావచ్చునందురు. నిజమే. అందులకై లాభములో కొంత ముందే తీసియుంచవలెను. బుట్టపైన పండును, అడుగున పచ్చికాయను పెట్టు సభ్యుడు మాత్రము తనకే కాక అందఱికిని నష్టము తెచ్చును. వానిపట్ల మొగమోటము తగదు.

కడపట నొక మనవి. మనలో పలువురు పండు నమ్ముదురే కాని దాని రుచి నెఱుగరు. ఈ యేడు ప్రతి సభ్యుడును తన గింజలు కొన్నిటిని మాడకుండ వేయించి, పొడిచేసి, మరుగు తగ్గిన నీటితో దింపి, చక్కెర లేక యొకసారి త్రాగవలెను. తన పంట రుచి తా నెఱుగనివాడు దానికి తగిన ధర నడుగజాలడు.