జీపు వెల, జీపు విలువ

మొన్న వర్షాకాలం వెళ్ళిన తరువాత నల్లగొండలో నా చిరకాల మిత్రుడొకడు నన్నొక పంచాయతికి పిలిచినాడు. ఆయనా నావలెనే బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. పంచాయతి భూమిని గురించి కాదు, ఇంటి గోడను గురించీ కాదు. ఆయన తండ్రి 1986లో, దేవరకొండ దగ్గరి వ్యవసాయానికని కొన్న డీజిలు జీపు ఒకటి ఇన్నాళ్ళుగా ఇంట్లో ఉన్నది. దానిని అమ్మదలచినాడు. తాను అనుకొన్న వెల ఐదు లక్షలు. చూడవచ్చినవారు రెండంటున్నారు, మూడంటున్నారు. "నీవు లెక్కల మాస్టరువు గదా, దీని విలువ ఎంతో నీవే చెప్పు" అన్నాడు.

నా ముప్పది యేండ్ల ఉద్యోగంలో ఇంతకన్న కష్టమైన లెక్క నాకెవ్వరూ ఇవ్వలేదు. తారురోడ్డు మీద నడిచే కారుకు విలువ కట్టడం తేలిక. ఏ సంవత్సరానిది, ఎన్ని కిలోమీటర్లు తిరిగినది అని రెండు ప్రశ్నలడిగితే సగం లెక్క తేలుతుంది. దారి లేని చోట నడవడానికే పుట్టిన బండికి ఆ ప్రశ్నలు చాలవు. ఆ బండి యజమానులు సామాన్యంగా ఎక్కడ పొరబడతారో, ఈ పంచాయతిలో నాకు కొంత బోధపడినది. దానినే పాఠకులకు, ముఖ్యంగా నా తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మనవి చేస్తున్నాను.

జీపు పుట్టినది యుద్ధంలో. 1941 నుండి 1945 వరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులను తయారు చేసినవి. నాలుగు చక్రాలకు ఇంజను బలమందడం, బురదలోను ఎత్తులోను మెల్లగా గట్టిగా లాగే లో గేరు ఉండడం దాని ప్రత్యేకత. మన దేశంలో 1947లో మహీంద్రా వారు బొంబాయిలో వీటిని కూర్చడం మొదలుపెట్టినారు. ఆ తరువాత తాసిల్దారు వచ్చినా, ఇంజనీరు వచ్చినా, ఓట్లడిగే నాయకుడు వచ్చినా పల్లెలోకి మొదట వచ్చేది జీపు చప్పుడే.

మన జిల్లాలో ఈ బండికి ఇంకొక గౌరవమున్నది. 1952లో ఖోస్లా కమిటీ కృష్ణానదిపై నందికొండ స్థలాన్ని చూడవలసి వచ్చినది. అక్కడికి జీపు పోయే దారి కూడ లేదని అధికారులు వెనుకాడగా, ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ చుట్టుప్రక్కల గ్రామాల ప్రజలను కూడగట్టి, వారం రోజులలో బాట వేయించినారని ప్రాజెక్టు కథ చెప్పేవారు చెబుతారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ అక్కడ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలినారు. ఈ కథలో "జీపు కూడ పోలేదు" అన్న మాటను గమనించవలెను. ఒక చోటు ఎంత దుర్గమమో చెప్పడానికి జీపే కొలబద్ద అయినది. కొలబద్దగా నిలిచిన వస్తువును మనమిప్పుడు దేనితో కొలవవలెను?

కొలవడానికి మొదటి సాధనం కాగితం. బీమా వారికి ఒక పట్టిక ఉన్నది. ఆరు నెలలు దాటని బండికి నూటికి 5, సంవత్సరంలోపు దానికి 15, రెండేండ్లలోపు దానికి 20, మూడేండ్లకు 30, నాలుగేండ్లకు 40, ఐదేండ్లకు 50 వంతున తరుగు తీసివేస్తారు. ఐదేండ్లు దాటగానే ఆ పట్టిక ఆగిపోతుంది. ఆపైన యజమాని, బీమా కంపెనీ కలిసి ఒప్పుకొన్నదే విలువ! అంటే, లెక్కలే వృత్తిగా గలవారు కూడ పాతబండి దగ్గరకు వచ్చేసరికి పలక పక్కన పెట్టి, మాటామాటా అనుకొందామంటున్నారు. ఇక రిజిస్ట్రేషన్. సొంత బండికి అది 15 ఏండ్లు చెల్లుతుంది. ఆ తరువాత బండిని చూపించి ఐదేండ్లకొకసారి పొడిగించుకోవలెను. 600 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 అయినది. ఇరువదియేండ్లు దాటినవాటికి తరువాత ఇంకను పెరిగినది. కాగితం దృష్టిలో మా మిత్రుని జీపు ఆస్తి కాదు, ఐదేండ్లకొకసారి వచ్చే ఖర్చు.

రెండవ సాధనం యజమాని మనస్సు. మా మిత్రుడు ఐదు లక్షలకు చూపిన కారణాలు వినండి. ఒక తొలకరిలో డిండి వాగు పొంగినప్పుడు నొప్పులు పడుతున్న ఆయన వదినగారిని ఆసుపత్రికి చేర్చినది ఈ జీపే. కరువు సంవత్సరంలో చల్కలలో ఎండుతున్న బత్తాయి చెట్లకు డ్రమ్ములతో నీరు మోసినది ఈ జీపే. తండ్రి చివరిసారిగా పొలం చూచి వచ్చినది ఇందులోనే. వింటుంటే నాకును కన్ను చెమర్చినది. కాని, ఆ వాగును దాటినది ఆయన వదినగారు. కొనేవాడు ఆమెను ఎరుగడు. కాకిపిల్ల కాకికి ముద్దు. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు కూడ దీనిని పరీక్షించి చూచినారు. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు 1990లో ప్రకటించిన ప్రయోగాలలో, కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులిచ్చి అమ్ముమన్నారు, తక్కినవారిని కొనుమన్నారు. చేతికి వచ్చి ఎంతోసేపు కాని కప్పుకు సైతం, కొనేవారు ఇవ్వజూపినదానికి రెట్టింపు వరకు అమ్మేవారు అడిగినారట. కొద్దిసేపు దగ్గరున్న కప్పు సంగతే ఇట్లుంటే, ఇన్ని దశాబ్దాలు ఇంటి మనిషివలె బ్రతికిన జీపు సంగతి చెప్పవలెనా?

మూడవ సాధనం కొనేవాని కన్ను. ఇదియు తక్కువ మోసగించదు. హైదరాబాదు నుండి వచ్చిన ఒక యువకుడు జీపు చుట్టూ రెండుమార్లు తిరిగి, రంగు చూచినాడు, వెడల్పాటి టైర్లు వేస్తే ఎట్లుంటుందో ఊహించినాడు, ఫోటో తీసుకొన్నాడు. బానెట్ ఎత్తలేదు. క్రిందికి వంగలేదు.

ఈ మూడింటికన్న మన రైతు ఎద్దును కొనే పద్ధతి ఎంతో శాస్త్రీయమైనదని నా అభిప్రాయం. సంతలో ఎద్దు కొమ్ములకు పూసిన రంగుకు రైతు డబ్బివ్వడు. పళ్ళు చూచి వయస్సు తెలుసుకొంటాడు. గిట్టలు చూస్తాడు, నడిపించి చూస్తాడు. వీలైతే బరువుబండికి కట్టి ఎత్తు ఎక్కించి చూస్తాడు. ఏ పనికి కొంటున్నాడో ఆ పనిలోనే పరీక్షిస్తాడు. జీపుకును ఇదే న్యాయం. పైరేకును సాగగొట్టి రంగు వేస్తే కొత్తదవుతుంది. చాసిస్ తుప్పుపట్టినా, పగిలినా ప్రాణం పోయినట్లే. కనుక మొదట క్రింద దూరి చూడవలెను. కమాను పట్టీలు విరిగినవా, స్టీరింగు ఎంత వదులు, ముందు చక్రాలకు బలం నిజంగా అందుతున్నదా, లో గేరు పడిన తరువాత నిలుస్తున్నదా, జారుతున్నదా అన్నవి చూడవలెను. ఇంజను నెంబరు కాగితంలోని నెంబరుతో సరిపోవలెను. ఇంజను మార్చి ఉంటే ఆ సంగతి కాగితంలో ఎక్కి ఉండవలెను. విడిభాగాలు దొరుకుతవా, దానిని ఎరిగిన మేస్త్రీ దగ్గరలో ఉన్నాడా అని అడగవలెను. చివరకు, తారురోడ్డు మీద కాక, వాగు ఇసుకలోనో గుట్ట ఎత్తులోనో నడిపి చూడవలెను.

ఈ మాటే చెప్పి నేను జీపును మేస్త్రీ దగ్గరకు తోలించినాను. అతడు ఇనుప బ్రష్షుతో ఏండ్లనాటి మట్టి గీకి, వెనుక కమాను తగిలించే చోట చాసిస్ మీద సన్నని పగులు చూపించినాడు. పూర్వమెప్పుడో అతికి రంగు పూసిన చోటే మరల విచ్చుకొన్నది. మా మిత్రునికి ఆ సంగతి తెలియదు. ఆయన ముఖం వాడిపోయినది. కొంతసేపటికి, "ఇది మేస్త్రీకి, నీకు, నాకు తప్ప ఎవరికి తెలుసు?" అన్నాడు. నేను మాట్లాడలేదు. తానే మరల, "పిల్లలకు నలుబది యేండ్లు నీతి చెప్పినవాణ్ణి, ఈ మాట ఎందుకన్నానో" అని నవ్వినాడు.

అప్పటికి ఇద్దరు కొనడానికి నిలిచి ఉన్నారు. ఒకరు చెప్పిన హైదరాబాదు యువకుడు, మూడున్నర లక్షలిస్తానన్నాడు. మరొకరు చందంపేట వైపు తండాకు చెందిన రైతు. గుట్ట పక్కనున్న పొలాలకు మనుషులను, ఎరువును చేరవేయడానికి కావలెనని, రెండు లక్షల ఇరువదివేలకు ఒప్పుకొన్నాడు. ఇద్దరికీ పగులు చూపించినాము. యువకుడు తేలికగా, "పరవాలేదు సార్, నేను నడిపేది సిటీలోనే గదా" అన్నాడు. రైతు మాత్రం చాలాసేపు చాసిస్ వంక చూచి, "వాగుల నడుమ ఇరిగితే ఏం జేయాలె సారూ? దీన్ని గట్టిగ జేయించిస్తనే తీసుకపోత" అన్నాడు.

నా లెక్క అక్కడ తేలినది. ఆ బండిని దారి లేని చోట నడిచే బండిగా చూచినవాడు రైతు ఒక్కడే. అందుకే పగులు ఆయనకు అంత పెద్దదిగా కనిపించినది. యువకునికి కావలసినది జీపు రూపం. ఆ రూపానికి చాసిస్‌తో పనిలేదు. ఈ సంగతి కంపెనీలకును తెలుసు. 2020 అక్టోబరు 2న కొత్తరూపంతో వచ్చిన థార్‌లో, 2023 జనవరి నుండి వెనుక చక్రాలకు మాత్రమే బలమందే రకం కూడ అమ్మకానికి వచ్చినది. అడవి రూపం కావలెను, అడవి అక్కరలేదు అనేవారు అంతమంది ఉన్నారన్నమాట. ఇది తప్పని నేననను. ఆడమ్ స్మిత్ 1776లోనే నీటికి ఉపయోగమెక్కువ, వెల తక్కువ. వజ్రానికి ఉపయోగం తక్కువ, వెల ఎక్కువ అని గుర్తించినాడు. 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన మొదలైన తరువాత ఎన్నో పల్లెలకు రోడ్లు పడినవి. అది సంతోషించవలసిన విషయమే. రోడ్డు వచ్చినకొద్దీ జీపు అవసరం తగ్గినది, జీపు మీది మోజు పెరిగినది. దారి ఉన్నవాడు దానికి ఎక్కువ వెల ఇవ్వగలడు. దారి లేనివానికి దాని విలువ ఎక్కువ. ఇవ్వగలిగిన వెల మాత్రం తక్కువ.

మా మిత్రుడు చివరకు యువకునికే అమ్మినాడు. మనుమరాలి చదువుకు డబ్బు అవసరమున్నది. ఆయనను నేను తప్పుపట్టను. పగులు దాచకుండ అమ్మినాడు, అది చాలు. రైతు నమస్కారం పెట్టి వెళ్ళిపోయినాడు. ఆనాటి సాయంకాలం మా మిత్రుడు, "లక్షా ముప్పదివేలు ఎక్కువ వచ్చినవి, కాని సరైన చోటికి పోలేదనిపిస్తున్నది" అన్నాడు. ఆ మాట కాగితం మీద ఎక్కదు. కాని విలువ ఎరిగిన యజమాని మాట అదే.

తోటి ఉపాధ్యాయులకు ఒక సూచన. పిల్లలచేత ఇంట్లోని ఏదైన పాతవస్తువును గురించి, సైకిలో, కుట్టుమిషనో, మోటరుపంపో, మూడు గళ్ళు గీయించి వ్రాయించండి. మొదటి గడిలో సంతలో అది పలికే వెల, రెండవ గడిలో ఇప్పటికి అది చేయగల పని, మూడవ గడిలో దానిమీద తమ ఇంటివారి మమకారం. మూడవ గడిని కొట్టివేయమని చెప్పవద్దు. దానిని మొదటి గడిలో కలుపవద్దని మాత్రం చెప్పండి. రెండవ గడిని నింపడానికి మాత్రం ఆ వస్తువు క్రిందికి వంగి చూడవలసి ఉంటుందని తప్పక చెప్పండి.