తాత్కాలిక పంపు.. గుండెకు ఎంత ఊతం?

గుండె రక్తాన్ని పంపలేక అవయవాలు దెబ్బతినే ప్రాణాంతక స్థితే కార్డియోజెనిక్ షాక్. మందులకు లొంగని రోగులకు తాత్కాలిక యంత్రాలు అమరుస్తున్నారు. అయితే అన్ని యంత్రాలూ, అందరు రోగులూ ఒకటి కాదు.

గుండెపోటుతో షాక్‌కు గురైన ఎంపిక చేసిన రోగులపై డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్‌లలో జరిగిన డాంజర్ షాక్ పరిశోధన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఇంపెల్లా పంపు అమర్చిన వారిలో 180 రోజుల్లో 45.8 శాతం మంది, అమర్చని వారిలో 58.5 శాతం మంది మరణించారు. రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం వంటి చిక్కులు మాత్రం పంపు వాడిన వారిలోనే అధికం.

గుండె వైఫల్య రోగులపై ఇటలీలో జరిగిన ఆల్ట్‌షాక్-2 పరిశోధనలో బెలూన్ పంపును ముందుగా అమర్చినా స్పష్టమైన ప్రయోజనం తేలలేదని 2025లో వెల్లడైంది.

గుండె కోలుకునే వరకో, మార్పిడి జరిగే వరకో గడువిచ్చే సాధనాలే ఇవి. తదుపరి చికిత్స ఏదో ముందే నిర్ణయించకుంటే రోగికి ముప్పు, కుటుంబానికి అప్పు మిగులుతాయి.