మనం చదవని రాత

ఇరాన్ స్త్రీల మీద మన సంఘాలు సభ పెట్టినా, కరపత్రం వేసినా అట్ట మీదికొచ్చే బొమ్మ ఒకటే. నల్లటి ముసుగు, అందులోంచి చూసే రెండు కళ్ళు. ఆ బొమ్మ మీద నాకు కోపం. జాలి పుట్టించడం తప్ప అది చేసే పనేం లేదు.

షిరిన్ నెషాత్ 1993-97 మధ్య చేసిన 'అల్లా స్త్రీలు' ఫోటోలు తీసుకోండి. చాదర్, తుపాకీ, ముఖాల మీదా అరచేతుల మీదా సిరాతో పారశీక అక్షరాలు. లిపి రానివాళ్ళు చాలామంది అవి ఖురాన్ వాక్యాలే అనుకున్నారు. అది ఆడవాళ్ళ కవిత్వం! కొన్నిటి మీద ఫరూగ్ ఫరోఖ్‌జాద్‌ది. దేహం గురించీ కోరిక గురించీ దాపరికం లేకుండా రాసి, 1967లో 32 ఏళ్ళకే పోయిన కవయిత్రి. మరికొన్నిటి మీద విప్లవాన్ని సమర్థించిన తాహెరే సఫ్ఫార్జాదేది. పొంతన కుదరని ఇద్దరు స్త్రీల గొంతులు అక్కడ వాదించుకుంటున్నాయి. ముస్లిం స్త్రీలందరికీ ఒకే నోరనీ, అదీ మూగదనీ ముందే తీర్మానించుకున్నవాళ్ళకి ఆ వాదన ఎలా వినిపిస్తుంది?

సంప్రదాయం జోలికెళ్తే వెనక్కి పోవడమే అనేవాళ్ళు కూడా మనలో ఉన్నారు. ఖాజార్ రాజు నాసిరుద్దీన్ షా (పాలన 1848-96) కెమెరా మోజుతో అంతఃపురంలో తన భార్యలని తనే ఫోటోలు తీశాడు. ఆ కాలపు స్టూడియో తెరలనీ, దుస్తులనీ 1998లో టెహరాన్‌లో షాదీ ఘదిరియాన్ మళ్ళీ ఏర్పాటు చేసింది. ఈసారి కెమెరా వెనక ఉన్నది స్త్రీ. ఎదుట ఉన్నవాళ్ళ చేతుల్లో పెప్సీ డబ్బా, టేప్ రికార్డర్. నవ్వొస్తుంది. వాక్యూమ్ క్లీనర్ దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోతుంది. ఇంటిచాకిరీ ఏ శతాబ్దంలోనూ చేతులు మారలేదు మరి.

ఆస్తికీ సంస్కృతికీ మన భాషలో వారసత్వం అన్న మాట ఒకటే. ఆ 'వారసు' కూడా అరబ్బీ, పారశీకాల మీదుగా మనకొచ్చినదే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా అని ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చట్టం వస్తే సంతోషించిన వాళ్ళం (అప్పటికే పెళ్ళయినవాళ్ళని అది వదిలేసిందనుకోండి). ఇరాన్‌లో వీళ్ళు అడుగుతున్నదీ వాటానే అని మనకెందుకు తట్టదు?

దర్గాల గోడలకి అద్దం ముక్కలు పొదగడం అక్కడ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. మొనీర్ షహ్రూదీ ఫర్మాన్‌ఫర్మాయన్ ఆ పనివాళ్ళతో కలిసి పనిచేసి దాన్ని తన కళ చేసుకుంది. 1979 విప్లవం తర్వాత ఆస్తి జప్తయింది, ఏళ్ళ తరబడి న్యూయార్క్‌లో ప్రవాసం. 2004లో, ఎనభై దాటిన వయసులో, తిరిగొచ్చి మళ్ళీ పని మొదలుపెట్టింది. 2017లో టెహరాన్‌లో ఆమె పేరిట మ్యూజియం తెరిచారు. ఆ దేశంలో ఒక్క కళాకారిణికే కేటాయించిన మొదటి మ్యూజియం అది. 2019లో ఆమె చనిపోయింది.

ముసుగు ఊసెత్తొద్దని నేననడం లేదు. 1936లో రెజా షా పోలీసులు చాదర్లు లాగేశారు. విప్లవం తర్వాతి ప్రభుత్వం తల కప్పుకోకపోతే శిక్ష అంది. 2022లో మహ్సా అమీనీ పోలీసుల నిర్బంధంలో చనిపోతే వేలమంది స్త్రీలు వీధుల్లోకొచ్చారు. రెండుసార్లూ రాజ్యం చెయ్యి పడింది స్త్రీ తల మీదే. దాని గురించి రాద్దాం. అయితే ఈసారి కరపత్రం వేసేటప్పుడు బొమ్మ కింద కళాకారిణి పేరు ఉండాలి. ముఖం మీదున్న కవిత ఎవరిదో కనుక్కుని, తెలుగు చేయించి పక్కన వేయాలి. అచ్చుకి చోటు చాలకపోతే బొమ్మని తగ్గించండి.