జాతి పేరు మారినా నిలిచే లెక్క

గాలంతో చేపలు పట్టేవారిలో పలువురు తమకు దొరికిన జాతుల జాబితా రాసుకుంటారు. వర్గీకరణ మారినప్పుడు ఆ సంఖ్య పెరగవచ్చు, తగ్గవచ్చు. దీనికి విసుగు చెందనవసరం లేదు. కావేరి మహసీర్ చేపలే ఇందుకు తార్కాణం. అక్కడి మూపురపు మహసీర్ ‘టోర్ రెమాదేవీ’ జాతికి చెందినదని 2018లో నిర్ధారణ అయింది. అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో అదే ఏడాది చేరింది. బయటినుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ మాత్రం ఆ నదిలో విస్తరించింది. గాలం వేసేవారు ఈ రెండింటినీ వేర్వేరుగా నమోదు చేసినందువల్లనే మొదటిదాని క్షీణత బయటపడింది. రెండూ ‘మహసీర్’ అనే ఒకే పద్దులో కలిసి ఉంటే అది మరుగునపడేది. కనుక పేరుతోపాటు తేదీ, స్థలం, శరీర లక్షణాలు, ఛాయాచిత్రం కూడా భద్రపరచాలి. అప్పుడు పేరు మారినా ఆధారం చెక్కుచెదరదు.