వానాకాలపు తుంగ, వేసవి నివేదిక

గోదావరిఖని పరిసరములలో ఓపెన్‌కాస్టు గనిని కొత్తగా త్రవ్వవలెనన్నను, ఉన్నదానిని విస్తరింపవలెనన్నను, 2006 నాటి కేంద్ర ప్రకటన ననుసరించి సాధారణముగా పర్యావరణ ప్రభావ నివేదిక సిద్ధము కావలయును, ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలయును. ఆ సభలలో పునరావాసము, కొలువులు, బ్లాస్టింగు మోతలగూర్చి వాదములు చెలరేగుట న్యాయమే. నివేదికలోని మొక్కల పట్టికను తెరచి చూచువారు మాత్రము అరుదు.

ఆ పట్టికలో తుంగ పేరు సరిగా పడవలెనన్న, ముందు దానిని గుర్తింపవలయును; నీటియొడ్డు పచ్చదనమంతయు గడ్డియే యనుకొనుట సులభము. గడ్డికాడ సాధారణముగా గుండ్రనై, కణుపుల నడుమ బోలుగా నుండును. తుంగకాడను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నుంచి దొర్లించినచో మూడంచులు తగులును, కణుపు తగులదు, ఆకులు మూడు వరుసలుగా లేచును. ఇది తొలిమెట్టు మాత్రమే, ఏలయన గుండ్రనికాడ తుంగలును కలవు. మనిషెత్తు పెరుగు జమ్ము అసలు తుంగ కుటుంబమునకే చెందదు. సువాసనగల గడ్డలతో తుంగముస్త ఏండ్లతరబడి నేలలో నిలిచియుండునుగాని, పసుపువన్నె కంకుల సైపరస్ ఇరియా, చిరుబంతులవంటి కంకిగుత్తుల సైపరస్ డిఫార్మిస్ ఏకవార్షికములు: వానలకు మొలచి, గింజ రాల్చి, ఎండిపోవును. వీనిని నిశ్చయముగా వేరుచేయునవి కంకియు, భూతద్దము క్రింది గింజయు.

అట్లుండగా గని నివేదికకు వానాకాలము గాక మరియొక ఋతువున సేకరించిన వివరములు చాలునని నిబంధన! గాలిలోని దుమ్మును కొలుచుటకు అది సమంజసమే, వాన దుమ్ము నణచివేయును గదా. తుంగకు ఆ కాలనియమమునే వర్తింపజేసినచో, లేని కంకిని ఏ వృక్షశాస్త్రజ్ఞుడు చూడగలడు? పైగా 2017 నాటి చిత్తడినేలల నియమములు వరిపొలములను, సాగునీటికై నిర్మించిన చెరువులను తమ పరిధినుండి తొలగించినవి గనుక, ఈ మొక్కల యునికిని నమోదుచేయుటకు గని నివేదికకు మించిన అవకాశము అరుదు.

తుంగ కలుపు గదా యని రైతు అడుగును. అతని మడిలో కలుపే, సందేహము లేదు. చెరువు శిఖమున, అనగా నీరు తగ్గినపుడు తేలు నేలలో మాత్రము, ఓబీ గుట్టలనుండి, అనగా బొగ్గుపైనుండి తొలగించి పోసిన మట్టిదిబ్బలనుండి, కొట్టుకొనివచ్చు మట్టిని దాని వేళ్ళే పట్టియుంచును.

కావున ఇక్కడి గనులను నడుపు సింగరేణి సంస్థ తన నివేదికలు వ్రాయువారిని సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మరియొకమారు శిఖములకు, వాగుగట్లకు పంపి, కంకితోగూడిన నమూనాలను సేకరింపించి, హైదరాబాదులోని భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ కేంద్రమున సరిచూపించి, ఆ పేర్లను సభకు ముందే తెలుగు సారాంశమున ముద్రింపవలయును. గని వ్యయములో ఇది లెక్కకు రాని ఖర్చు.