రాణిచీమను సాకు విధము

తొలకరివాన వెలిసిన సాయంకాలమున దీపముచుట్టు రెక్కలపురుగులు మూగుట మన యిండ్లలో ప్రతి సంవత్సరము జరుగునదియే. తెల్లవాఱిన పిదప రాలిన రెక్కలను చీపురుతో నూడ్చి పాఱవేయుదుము. ఆ చెత్తలో వేలకొలది సంతానమునకు తల్లి కాగల ప్రాణి యొక్కటి యుండవచ్చునని మన కెవరికిని తోచదు. ఈ మాసము మాకు వచ్చిన జాబులలో నొక సోదరి యిట్లు వ్రాసినారు. ఆమె పదేండ్ల కుమారుడు వాన మఱునాడు గుమ్మము కడ నొక పెద్ద నల్లచీమను పట్టి, అగ్గిపెట్టెలో నుంచి, దినమునకు మూడు పర్యాయములు తెఱచి చూచుచు పంచదార వేయుచున్నాడట. అది నాలుగు గ్రుడ్లు పెట్టినది. రెండవనాటికి వానిని తానే తినివేసినది. బాలుడు బెంగపెట్టుకొని అన్నము సరిగా తినుట లేదట. అది రాణియేనా, యగుచో బ్రతికించుట యెట్లు అని ఆమె ప్రశ్న.

గ్రుడ్లు పెట్టినది గనుక రాణియే యై యుండునని మా యభిప్రాయము. అయినను కంటితో పోల్చుకొను విధము తెలిసియుండుట మేలు. మొదట నది చీమయో కాదో చూడవలెను. దీపమునకు వచ్చు ఉసిళ్ళు చెదల జాతివి. వాని నాలుగు రెక్కలును ఒకే పొడవు, నడుము లావు, మీసములు పూసలదండవలె తిన్నగా నుండును. చీమకు ముందురెక్కలు పెద్దవి, వెనుకవి చిన్నవి, నడుము సన్నము, మీసములు మోచేయివలె వంగియుండును. (నాగులచవితికి మనము పాలు పోయు పుట్టలును చాలవఱకు చెదలు కట్టినవే గాని చీమలవి కావు. పేరు మాత్రము చీమలకు వచ్చినది!)

గండుచీమలలో పెద్దతల గల పనిచీమలు కొన్ని గలవు. వానిని జూచి రాణి యని భ్రమపడువారు పెక్కుమంది. తలను గాక వీపును చూడుడు. పనిచీమకు వీపు సన్నము. రాణికి రెక్కలను మోసిన కండ లుండుటచే వీపు మూపురమువలె నుబ్బి, తలతో సమానమైన వెడల్పు గలిగి యుండును. రెక్కలు రాలిన చోట చిన్న మచ్చలు కనబడును. కడుపు పెద్దది. చిన్నతల, బక్కదేహము, రెక్కలు గలది మగచీమ. అది కొలది దినములలో చచ్చును.

ఇక నా బాలుని బెంగకు కారణమైన సంగతి. రాణి యాకాశమున మగచీమలతో కూడి, వాని బీజమును కడుపులోని చిన్న తిత్తియందు దాచుకొని, జీవితాంతము దానినే వాడుకొనును. నేలకు దిగి రెక్కలను తానే విఱుచుకొని, మట్టిలో చిన్న గది త్రవ్వి, ద్వారము మూసికొనును. మన పురిటిగది యనుకొనుడు. అందు అన్నము లేదు. నిక నెగురవలసిన పని లేదు గనుక రెక్కల కండలును, ఒంటిలోని క్రొవ్వును కరగి యాహార మగును. బిడ్డలకు నోటినుండి యిచ్చు రసమును వానినుండియే పుట్టును. గండుచీమయు, మన యింటి సామాన్యపు చీమలు పెక్కును ఇట్టివే. ఇట్టి తల్లికి పంచదార యక్కఱ లేదు. వెలుతురును, కుదుపును తగిలినచో ఇది సురక్షితమైన చోటు కాదని తలచి, గ్రుడ్లలో పెట్టిన సత్తువను మఱల తనలోనికి తీసికొనును. అది క్రూరత్వము గాదు. పెట్టుటయే ప్రేమ యని యెఱిగిన మన యాడువారికి ఈ మాట రుచింపదు గాని, ఆ బిడ్డ చేయదగిన యుపచారము చేయి తీయుటయే.

అగ్గిపెట్టెలో నీరు నిలువదు. ఒక పరీక్షనాళిక సంపాదింపుడు. మా వారు బడిలో మూతి పగిలినదాని నొకదానిని తెచ్చి యిచ్చిరి, మూతి నునుపు చేసినచో నదియు చాలును. మూడవవంతు నీరు పోసి, నీటిని తాకునట్లు దూదిని గట్టిగా దూర్చవలెను. నాళికను పండబెట్టినను నీరు కాఱరాదు. మిగిలిన పొడిచోట రాణి నుంచి, గాలి యాడునట్లు మూతికి దూది పెట్టి, చీకటిపెట్టెలో, ఎండయు, తిరుగలి యదురును లేని మూల నుంచుడు. చీమలమందు సుద్ద, దోమలమందు పొగ దగ్గరకు రానీయరాదు. వారమున కొక్కసారి, ఆదివారమున, ఎఱ్ఱకాగితము చాటున చూడవచ్చును. ఎఱ్ఱని వెలుగు చీమలకు సరిగా కనబడదు. చూచినది బాలుడు పుస్తకములో వ్రాసికొన్న యెడల తక్కిన యాఱుదినములు వేచియుండుట సులభ మగును.

గ్రుడ్డు పురుగై, పురుగు గోధుమవన్నె గూడు కట్టుకొనును. ఆ గూళ్ళనే చాలమంది చీమగ్రుడ్లనుకొందురు. ఇంచుమించు నెలన్నర, రెండు నెలలకు మొదటి పనిచీమలు వచ్చును. అవి చిన్నవిగా నుండును, లోపము గాదు.

అన్నియు బ్రతుకవు. రెక్కలు రాలినను మగచీమతో కూడని రాణులు గలవు. రెండు నెలలైనను గ్రుడ్లు పురుగులు కానిచో పట్టినచోటనే విడిచివేయుడు. బ్రతికినదో, చిరకాలము బ్రతుకును. ఇంగ్లండులో సర్ జాన్ లబ్బాక్ గాజుపలకల నడుమ సాకిన యొక రాణి 1874 మొదలు 1888 వఱకు జీవించినది. ఐరోపాలో మఱియొక నల్లచీమరాణి సుమారు 29 సంవత్సరములు బ్రతికినది. ఇంతటి యాయువు గలది గనుకనే దీనిపై వ్యాపారము బయలుదేఱినది. 2025లో కెన్యాలో నిద్దఱు బెల్జియము దేశపు యువకులు అయిదువేల రాణిచీమలను దూది పెట్టిన నాళికలలో దేశము దాటింపబోయి దొరకి, న్యాయస్థానమున శిక్షింపబడిరి. తల్లి పోయిన చీమలదండు క్రమముగా నశించును. క్రొత్తచోట విడిచిన పరాయిచీమ యక్కడి వానిని తరుమును. కావున పిల్లలు ఎంత కోరినను రాణిని కొనవలదు. తమ గుమ్మము కడ దొరకినది చాలును.

పనిచీమలు పుట్టిన దినమునుండి మీ పంచదారకు పని కలుగును. ఆవగింజంత తేనెచుక్కను చిన్న కాగితపుముక్కపై నుంచి, చచ్చిన దోమ నొకదానిని చేర్చుడు. మిగిలినది మఱునాడే తీసివేయకున్న బూజు పట్టును. అంతవఱకు నాళికలో నేమియు వేయవలదు. అగ్గిపెట్టెను మాత్రము ఈ జాబు చదివిన దినముననే మార్పింపుడు.